ఉద్యోగార్థి స్వపరిచయం – సి.వి. రచన

ఉద్యోగం కోరే అభ్యర్థి తన చదువును, చేసిన పనిని, నేర్చిన విద్యలను ఒక క్రమంలో పేర్చి సంస్థకు సమర్పించే పత్రాన్ని సి.వి. అంటారు. ‘కరిక్యులం వీటె’ అనే లాటిన్ పదబంధానికి ఇది పొడి అక్షరాల రూపం. ఆ పదబంధానికి ‘జీవన గమనం’ అని అర్థం. ఫ్రెంచి భాష నుంచి వచ్చిన ‘రెజ్యూమె’ అనే మాటకు ‘సంగ్రహం’ అని అర్థం. మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించే మాట ‘బయోడేటా’. అయితే బయోడేటాను ఉద్యోగాలకూ పంపుతారు, పెండ్లి సంబంధాలకూ పంపుతారు. ఎత్తు, గోత్రం, అన్నదమ్ముల సంఖ్య వంటివి ఉద్యోగ పత్రంలోకి చొరబడడానికి ఈ ఉభయ ప్రయోజనం కూడా కొంత కారణం కావచ్చు. విశ్వవిద్యాలయాలలో, పరిశోధన సంస్థలలో సి.వి. అంటే ప్రచురణలతో సహా సమగ్రమైన పత్రం. వ్యాపార సంస్థలలో రెజ్యూమె అంటే ఒకటి రెండు పుటల సంగ్రహం. మన దేశంలో ఈ భేదాన్ని అంతగా పాటించరు కాబట్టి ఈ పాఠంలో సి.వి. అనే మాటనే గ్రహించడం జరిగింది.

అభ్యర్థి కార్యాలయం గడప తొక్కక ముందే అతని తరఫున మాట్లాడేది ఈ పత్రం. తెలిసినవారు, సిఫారసు చేసేవారు ఉన్నవారికి సి.వి. ఒక లాంఛనం కావచ్చు. ఆ ఇంటి నుంచి మొదటిసారిగా కళాశాల మెట్లెక్కిన విద్యార్థికి అట్లా కాదు. తండ్రికి ఆ కార్యాలయంలో పరిచయస్థులు ఉండరు. మేనమామ ఫోను చేసి ఒక మాట చెప్పడు. ఆ ఒక్క కాగితం ఏమి చెబితే అదే. విచారించవలసిన విషయం ఏమంటే, తరచుగా అటువంటి విద్యార్థే తనకంటె రెండేళ్లు ముందు చదివినవారి పత్రాన్ని తెచ్చుకొని, పేరు, మార్కులు మార్చి, ఇంటర్నెట్ కేంద్రంలో ముద్రింపజేసి పంపుతాడు. సొంత మాట ఎవరికి ఎక్కువ అవసరమో వారి పత్రంలోనే సొంత మాట లేకుండా పోతుంది.

కొలువు కోరినవారు

ఉద్యోగార్థి తన్ను తాను పరిచయం చేసుకోవడం కొత్త విషయం కాదు. తిక్కన రచించిన విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసం కోసం విరటుని కొలువుకు ఒక్కొక్కరుగా వచ్చే ఘట్టం విద్యార్థులు ఎరిగినదే. ఆ ఘట్టాన్ని ఉద్యోగార్థి దృష్టితో మరొకసారి చదవవచ్చు. భీముడు వలలుడనే పేరుతో వంటవానిగా, నకులుడు దామగ్రంథి అనే పేరుతో అశ్వరక్షకునిగా, సహదేవుడు తంత్రీపాలుడనే పేరుతో గోరక్షకునిగా కొలువులో చేరారు. వారిలో ఎవరూ తాము సకల విద్యలలో ఆరితేరినవారమని చెప్పుకోలేదు. నకులుడు ఖడ్గవిద్యలో కూడా దిట్ట. ఆ సంగతి అతడు ఎత్తలేదు. గుర్రాలశాలలో పని కోరినవాడు గుర్రాల గురించి మాత్రమే చెప్పాడు. నాట్యం నేర్పగలనన్న బృహన్నలను విరటుడు పరీక్ష చేయించిన తరువాతనే తన కుమార్తె ఉత్తరకు గురువుగా నియమించాడు. అడిగిన పనికి తగిన విద్యను మాత్రమే చెప్పడం, చెప్పినదాన్ని పరీక్షకు నిలబెట్టడం అనే రెండు లక్షణాలూ ఇక్కడ ఉన్నాయి. అక్కడ పేర్లు మారాయి గాని పనితనం మారలేదు. నేటి అభ్యర్థులలో కొందరు పేరు నిజమే చెప్పి పనితనాన్ని మారుస్తారు. దాని సంగతి ముందు చూడవచ్చు.

ఐరోపాలో తొలి సి.వి. అని తరచుగా చెప్పుకొనే లేఖ ఒకటి ఉంది. సుమారు 1482లో లియొనార్డో డావిన్సి మిలాన్ నగర పాలకుడైన లుడోవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ ఆ లేఖ రాశాడు. ముప్పై ఏళ్ల ఆ చిత్రకారుడు అందులో చిత్రకళతో ప్రారంభించలేదు. తేలికగా మోసుకుపోగల వంతెనలు, ఫిరంగులు, కోటగోడలను భేదించే ఉపాయాలు అంటూ యుద్ధవిద్యలనే వరుస అంకెలతో చెప్పుకొచ్చాడు. వాస్తువిద్య, శిల్పం, చిత్రలేఖనం వంటి శాంతికాల విద్యలను లేఖ చివరకు చేర్చాడు. అవతలివాడు ఆ కాలంలో యుద్ధాలలో తలమునకలై ఉన్న పాలకుడు. అతనికి ముందుగా కావలసినది ఫిరంగులు. తన మాటలలో ఏదైనా అసాధ్యమని తోస్తే చేసి చూపడానికి సిద్ధమని కూడా లియొనార్డో రాశాడు. చదివేవాని అవసరాన్ని బట్టి విషయాల క్రమం నిర్ణయం కావాలన్నదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

మన సాహిత్యంలో శ్రీనాథుని ఉదాహరణ మరింత దగ్గరగా ఉంటుంది. రాజమహేంద్రవర ప్రభువు వీరభద్రారెడ్డికి అంకితం చేసిన కాశీఖండం అవతారికలో ఒక సీసపద్యం ఉంది. అందులో శ్రీనాథుడు తన రచనలను వయస్సు వారీగా వరుసపెట్టి చెప్పాడు. చిన్ననాట మరుత్తరాట్చరిత్ర, మీసాలు మొలకెత్తే వయస్సులో శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, వయస్సు పండిన దశలో భీమఖండం. ఇప్పుడు కాశీఖండం. ఏ దశలో ఏ గ్రంథం అన్నదే ఆ పద్యంలోని సారం. పద్యం చివర తన్ను తాను గట్టిగానే పొగడుకొన్నాడు గాని, పొగడుకోవడానికి ముందు నాలుగు గ్రంథాలను చూపించాడన్నది గమనించవలసిన విషయం. మరుత్తరాట్చరిత్ర, శాలివాహన సప్తశతి నేడు లభ్యం కావు. అటువంటి రచనలు ఆయన చేశాడని మనకు తెలియడానికి ప్రధానాధారం ఆ పట్టికే. నేటి సి.వి.లో మాత్రం వరుస తలకిందులవుతుంది. ఇటీవలి చదువు, ఇటీవలి పని ముందు వస్తాయి, చిన్ననాటివి చివరకు పోతాయి. చదివేవారికి కావలసినది అభ్యర్థి నేడు ఏమి చేయగలడన్నది గాని ఎక్కడ మొదలుపెట్టాడన్నది కాదు కదా!

విశేషణం, సమాపక క్రియ

అనేకుల సి.వి.లు ఒకే వాక్యంతో ప్రారంభమవుతాయి. సవాళ్లతో కూడిన వాతావరణంలో తన నైపుణ్యాలను వినియోగించి సంస్థ ప్రగతికీ స్వీయ ప్రగతికీ తోడ్పడడం తన ధ్యేయమని ఆ వాక్యం చెబుతుంది. ఇంగ్లీషులో అది గంభీరంగానే వినిపిస్తుంది. దానిని తెలుగులోకి మార్చి ఇంట్లో నాయనమ్మకు చదివి వినిపిస్తే, ఆమె వెంటనే ‘ఇంతకూ ఏం పని చేస్తావు నాయనా?’ అని అడుగుతుంది. ఉద్యోగం ఇచ్చేవారు అడిగే ప్రశ్న కూడా అదే. వారు నోరు తెరిచి అడగరు, పత్రాన్ని పక్కన పెడతారు. అంతే భేదం.

ప్రైవేటు సంస్థలలో చాలావరకు ఇంగ్లీషు సి.వి.నే కోరుతారన్నది నిజం. అయినా మొదటి ప్రతిని తెలుగులో రాసుకోవడం వల్ల ఒక ప్రయోజనం ఉంది. అరువు తెచ్చుకొన్న ఇంగ్లీషు మాటల చాటున ఏమీ చెప్పకుండా పుట నింపవచ్చు. మాతృభాషలో ఆ సౌకర్యం ఉండదు. ‘సానుకూల దృక్పథం, నాయకత్వ లక్షణాలు, కష్టపడే తత్త్వం’ అని తెలుగులో రాసుకొన్న విద్యార్థికి తన పత్రం ఎవరిదో పత్రంలాగా కనిపిస్తుంది. అప్పుడు వ్యాకరణ పాఠంలో నేర్చుకొన్న ఒక చిన్న విషయం ఉపయోగపడుతుంది. విశేషణం గుణాన్ని చెబుతుంది, సమాపక క్రియ జరిగిన పనిని చెబుతుంది. ప్రతి విశేషణానికి పక్కన ‘రాశాను, నేర్పాను, సరిచేశాను, నడిపాను’ వంటి సమాపక క్రియ ఒకటి పెట్టగలిగితే ఆ అంశం ఉండవచ్చు. పెట్టలేకపోతే దాన్ని తీసివేయడం మేలు. నాయకత్వ లక్షణాలు ఉన్నాయనడం కంటె, జాతీయ సేవా పథకం శిబిరంలో ఇరవై మంది విద్యార్థుల బృందానికి వారం రోజులు భోజన ఏర్పాట్లు చూశాననడం మంచిది. అది చిన్న పని కావచ్చు గాని జరిగిన పని. దాని గురించి ఎవరు ఎన్ని ప్రశ్నలు వేసినా అభ్యర్థి తడుముకోకుండా జవాబు చెప్పగలడు.

ఒక ఉదాహరణ

గుంటూరులో బి.కాం. పూర్తి చేసిన ఒక విద్యార్థిని ఒక వ్యాపార సంస్థలో లెక్కల సహాయకురాలి ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నదని ఊహించుకోవచ్చు. ఆమె మొదట రాసిన పత్రంలో పైన చెప్పిన ధ్యేయవాక్యం ఉంది. చదువు వివరాలు ఉన్నాయి. బలాల కింద కష్టపడే తత్త్వం, అభిరుచుల కింద పాటలు వినడం ఉన్నాయి. అనుభవం అన్న చోట ‘లేదు’ అని ఉంది.

కాని ఆమెకు అనుభవం ఉంది. డిగ్రీ చదివిన మూడేళ్లూ మిర్చి కోతల కాలంలో సాయంకాలం వేళ ఆమె మిర్చి యార్డులోని ఒక కమీషను దుకాణంలో లెక్కలు రాసింది. ఏ రైతు పేరున ఎన్ని టిక్కీలు వచ్చాయి, కాటా మీద ఎంత తూగాయి, ఏ ధర పలికింది, హమాలీ మొదలైన మినహాయింపులు పోను రైతుకు ఎంత రావాలి అన్న లెక్క తప్పితే మరుసటి ఉదయం రైతు దుకాణం ముందు నిలబడతాడు. ఆ బాధ్యతను ఆమె మూడు కోతల కాలాలు మోసింది. అయితే దుకాణం తండ్రికి తెలిసినవారిది. నియామక పత్రం ఎవరూ ఇవ్వలేదు. కోతల కాలం ముగిశాక చేతిలో కొంత పైకం పెట్టారు. కాబట్టి అది ఉద్యోగం కాదని, చెప్పుకొంటే నామోషీ అని ఆమె అనుకొన్నది. వ్యవసాయం, చిల్లర దుకాణం, కుట్టుపని, చిట్టీల లెక్కలు, పక్కింటి పిల్లలకు చదువు చెప్పడం వంటి పనులలో పెరిగిన పిల్లలు చాలామంది ఇట్లాగే అనుకొంటారు. చేసిన పనిని దాచుకొని, లేని గుణాలను ముందు పెడతారు. లెక్కల పనికి మనిషిని వెతికే యజమాని దృష్టిలో పాటలు వినడానికీ కాటా చీటీలు సరిచూడడానికీ ఎంత వ్యత్యాసం ఉందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ విద్యార్థిని సి.వి.ని తిరిగి రాస్తే ఈ విధంగా ఉంటుంది.

పేరు: (పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్నట్లు)
ఊరు, జిల్లా, పిన్‌కోడు, ఫోను నంబరు, ఈ-మెయిలు

కోరే ఉద్యోగం: లెక్కల సహాయకురాలు

అనుభవం
2023, 2024, 2025 – ఫిబ్రవరి నుంచి మే వరకు, సాయంకాలం వేళ
మిర్చి కమీషను దుకాణం, గుంటూరు మిర్చి యార్డు
రోజుకు సుమారు 30 మంది రైతుల కాటా చీటీలను పద్దులో నమోదు చేశాను.
మినహాయింపులు పోను రైతుకు చెల్లించవలసిన మొత్తాన్ని లెక్కకట్టి పట్టీలు రాశాను.
2025లో చేతిరాత పద్దులను ట్యాలీలోకి మార్చి, నెలాఖరున రెండింటినీ సరిపోల్చాను.

చదువు
2025 – బి.కాం., కళాశాల, విశ్వవిద్యాలయం, మార్కుల శాతం
2022 – ఇంటర్మీడియట్ (సి.ఇ.సి.), కళాశాల, మార్కుల శాతం
2020 – పదో తరగతి, పాఠశాల

తెలిసిన పనులు: ట్యాలీ, ఎక్సెల్, తెలుగు, ఇంగ్లీషు టైపు
భాషలు: తెలుగు – చదవడం, రాయడం, మాట్లాడడం, ఇంగ్లీషు – చదవడం, రాయడం, హిందీ – మాట్లాడడం

వివరాలు చెప్పగలవారు: దుకాణం యజమాని, కామర్స్ అధ్యాపకులు (వారి అనుమతితో ఫోను నంబర్లు)

ఈ పత్రం ఒక పుట దాటదు. ఇందులో ఒక్క పొగడ్త లేదు. చదివినవారికి మాత్రం ఆమె పొరపాట్లు లేకుండా లెక్క రాయగలదన్న నమ్మకం కలుగుతుంది. ‘సుమారు 30 మంది’ అన్న అంకె దగ్గర కొంత ఆగవలసి ఉంది. అంకెలు పత్రానికి బలం ఇస్తాయి గాని, అవి పద్దు పుస్తకం తెరిస్తే కనిపించే అంకెలు కావాలి. రోజుకు పన్నెండు మంది వచ్చే దుకాణంలో ముప్పై అని రాసే అభ్యర్థి, పన్నెండు అన్న అంకెకు ఉన్న గౌరవాన్ని కూడా పోగొట్టుకొంటాడు. భాషల విషయంలోనూ ఇంతే. ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చి మాట్లాడడంలో తడబాటు ఉంటే ఆ సంగతిని పై నమూనాలో వలె ఉన్నదున్నట్లు చెప్పవచ్చు. మౌఖిక పరీక్షలో మొదటి నిమిషంలోనే తెలిసిపోయే విషయాన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. పేర్లు ఇచ్చిన పెద్దలకు ముందుగా చెప్పి అనుమతి తీసుకోవాలని ప్రత్యేకంగా చెప్పవలసి రావడం విచిత్రమే గాని, చెప్పక తప్పదు.

చదువు మధ్యలో ఏడాది ఆగిపోయినవారు, సప్లిమెంటరీలో ఉత్తీర్ణులైనవారు ఆ సంవత్సరాలను ఎట్లా రాయాలన్న సందేహం కలుగుతుంది. ఉత్తీర్ణత పొందిన సంవత్సరాన్ని ధ్రువపత్రంలో ఉన్నట్లే రాయాలి. తండ్రి అనారోగ్యం వల్లనో, సేద్యం పనుల వల్లనో ఏడాది ఆగితే, ఆ ఏడాది ఏ పని చేశారో ఒక్క వాక్యంలో చెబితే చాలు. ఖాళీగా వదిలిన సంవత్సరం అనుమానాన్ని పుట్టిస్తుంది. ఇంటి పని చూశానన్న మాట పుట్టించదు.

పేరు, ఇంటిపేరు

పేరు రాయడంలో ఏముందని అనిపించవచ్చు. తెలుగువారికి సంబంధించినంతవరకు ఇక్కడే ఎక్కువ చిక్కులు ఉన్నాయి. ఇంటిపేరు ముందు, పేరు తరువాత రావడం మన సంప్రదాయం. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్ కార్డులో దాని మొదటి అక్షరం మాత్రమే ఉండవచ్చు. బ్యాంకు పుస్తకంలో పేరు ముందు, ఇంటిపేరు వెనుక పడవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, పేరుకు వేరువేరు గడులు ఉంటాయి. అవి తారుమారైతే విమానం టికెట్టు మొదలు వీసా వరకు ప్రతిచోటా వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలలో రాసేటప్పుడు ఒకే పేరుకు రెండు మూడు వర్ణక్రమాలు ఏర్పడడం మరొక చిక్కు. లక్ష్మి అన్న పేరును ఎన్ని విధాలుగా రాస్తారో విద్యార్థులకు తెలిసినదే. వివాహం తరువాత ఇంటిపేరు మార్చుకొన్న స్త్రీలకు ఈ చిక్కు రెట్టింపు అవుతుంది.

పదో తరగతి ధ్రువపత్రంలోని పేరునూ పుట్టిన తేదీనీ ప్రభుత్వ నియామకాలలో సాధారణంగా ప్రమాణంగా తీసుకొంటారు. కాబట్టి సి.వి.లో కూడా ఆ పేరునే, ఆ వర్ణక్రమంలోనే రాయాలి. ఇంట్లో పిలిచే పేరును, సంఖ్యాశాస్త్రం ప్రకారం అదనంగా చేర్చిన అక్షరాన్ని ఇక్కడికి తేకూడదు. నిజామాబాదు, కరీంనగర్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలలో పనులకు వెళ్లేవారు మాత్రం పాస్‌పోర్టులోని పేరునే వాడాలి. ధ్రువపత్రంలో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి ఉన్నవారు సి.వి. రాయడానికి ముందే వాటిని సరిచేయించుకోవడం మంచిది. ఆ పని ఉద్యోగం వచ్చాక మొదలుపెడితే చేరవలసిన గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

రాయకూడనివి

పాతకాలపు బయోడేటాలలో తండ్రి వృత్తి, మతం, కులం, వైవాహిక స్థితి తప్పక కనిపించేవి. ప్రభుత్వ ఉద్యోగాలలో రిజర్వేషను కోరే అభ్యర్థి కులధ్రువీకరణ పత్రాన్ని సమర్పించవలసిందే. అది హక్కుకు సంబంధించిన విషయం, దానికి దరఖాస్తు ఫారంలోనే చోటు ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగాల సి.వి.లో కులమతాల ప్రస్తావనకు కారణం కనిపించదు. లెక్కలు రాయడానికీ గోత్రానికీ సంబంధం లేదు. అనవసరమైన వివరం మేలు చేయకపోగా, చదివేవారి మనస్సులో ఏదైనా దురభిప్రాయం ఉంటే దానికి ఊతం ఇస్తుంది. అమెరికా, బ్రిటన్ దేశాలకు పంపే సి.వి.లలో ఫొటో, వయస్సు, మతం, వైవాహిక స్థితి రాయడం ఆచారం కాదు. గల్ఫ్ దేశాలకు పంపేవాటిలో ఫొటో పెట్టడం మామూలే.

ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లను సి.వి.లో ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడదు. ఆ పత్రం ఎందరి చేతులు మారుతుందో పంపినవారికి తెలియదు. ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బు అడిగేవారు, నంబర్లు అడిగేవారు ఉన్న కాలంలో ఈ జాగ్రత్త ఎంతో అవసరం. ఎంపిక పూర్తయి నియామకపు ఉత్తరువు వచ్చిన తరువాత, సంస్థ అడిగినప్పుడు ఆ వివరాలు ఇస్తే సరిపోతుంది.

లేని అనుభవం

నగరాలలో కొన్నిచోట్ల డబ్బు తీసుకొని రెండేళ్లు, మూడేళ్లు పనిచేసినట్లు అనుభవ పత్రాలు తయారుచేసి ఇచ్చేవారు ఉన్నారు. కొత్తవారికి ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు అన్న చిక్కుముడిలో పడిన యువకులు వారిని ఆశ్రయిస్తారు. వారి నిస్సహాయత అర్థం కానిది కాదు. ఆ మార్గం మాత్రం వారిని మరింత నిస్సహాయులను చేస్తుంది. 2014లో ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ ప్రతి చందాదారునికీ ఒకే నంబరు ఇచ్చే విధానాన్ని ప్రవేశపెట్టింది. ఉద్యోగి ఎన్ని సంస్థలు మారినా ఆ నంబరు మారదు. భవిష్యనిధి వర్తించే సంస్థలలో ఏ నెల నుంచి ఏ నెల వరకు చందా జమ అయిందో దాని ద్వారా తెలుస్తుంది. మూడేళ్ల అనుభవం చూపినవారి పేరున ఒక్క నెల చందా కూడా లేకపోతే సందేహం తప్పదు. మార్కుల పత్రాలనూ పట్టాలనూ డిజిలాకర్ వంటి ప్రభుత్వ ఏర్పాట్ల ద్వారా సరిచూసే వీలు ఏర్పడింది. పెద్ద సంస్థలు ఈ పరిశీలనను వేరే సంస్థలకు అప్పగించి, ఉద్యోగంలో చేరిన కొన్ని నెలల తరువాత కూడా చేయిస్తాయి. అప్పుడు బయటపడితే ఉద్యోగం పోతుంది, ఆ సంస్థ పేరు తదుపరి సి.వి.లో రాసుకోవడానికీ వీలుండదు. దొంగపత్రం తయారుచేయడం, అది దొంగదని తెలిసి వాడడం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం శిక్షార్హమైన నేరాలు. అంతకుముందు ఉన్న భారతీయ శిక్షాస్మృతి ప్రకారం కూడా అవి నేరాలే.

అనుభవం లేనివారు ఏమి రాయాలన్న ప్రశ్నకు మిర్చి యార్డు ఉదాహరణలో కొంత సమాధానం ఉంది. జీతం వచ్చినదే పని అనుకోవలసిన అవసరం లేదు. చదువులో భాగంగా చేసిన ప్రాజెక్టు, గ్రంథాలయంలో పుస్తకాల పట్టిక తయారీ, ఊరి పాల సేకరణ కేంద్రంలో సెలవుల్లో చేసిన సాయం ఇవన్నీ కాలం, స్థలం, చేసిన పని అనే మూడింటితో చెప్పదగినవే. అట్లా చెప్పిన చిన్న పని ముందు కొనుక్కొన్న మూడేళ్ల అనుభవం వెలవెలబోతుంది. మౌఖిక పరీక్షలో రెండో ప్రశ్నకే ఆ సంగతి తేలుతుంది.

రూపం, లేఖ

పత్రం రూపం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కొత్తగా చదువు ముగించినవారికి ఒక పుట, కొంత అనుభవం ఉన్నవారికి రెండు పుటలు చాలు. తెల్లని కాగితం మీద నల్లని అక్షరాలు, ఒకే రకం అక్షరశైలి ఉండాలి. పువ్వుల అంచులు అక్కరలేదు. పెద్ద సంస్థలలో వేల సంఖ్యలో వచ్చే సి.వి.లను ముందుగా కంప్యూటరు వడపోస్తుంది. బొమ్మలలో, గడుల పట్టికలలో ఇరికించిన అక్షరాలను అది సరిగా చదవలేకపోవచ్చు. కాబట్టి సాదా వరుసలే క్షేమం. ప్రకటనలో ‘ట్యాలీ’ అని ఉంటే, ఆ పని నిజంగా వచ్చినవారు ఆ మాటనే వాడాలి. ‘లెక్కల సాఫ్ట్‌వేరు’ అని తిప్పి చెప్పకూడదు. ఈ-మెయిలు ద్వారా పంపేటప్పుడు పి.డి.ఎఫ్. రూపంలో, ఫైలుకు అభ్యర్థి పేరు పెట్టి పంపాలి. ఈ-మెయిలు చిరునామా కూడా పేరుతోనే ఉండాలి. అభిమాన కథానాయకుని బిరుదుతో ఉన్న చిరునామా స్నేహితుల మధ్య శోభిస్తుంది గాని ఇక్కడ శోభించదు.

ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా సి.వి. పంపే పని ఉండదు. రాష్ట్రాల పబ్లిక్ సర్వీసు కమీషన్లు నిర్ణయించిన దరఖాస్తును నింపితే చాలు. అయితే అక్కడ కూడా పేరు, తేదీలు, ఉత్తీర్ణత సంవత్సరాలు కావాలి. ముందే సి.వి. తయారుచేసుకొన్నవారికి చివరి రోజు హడావిడిలో తప్పులు దొర్లవు.

సి.వి.తో పాటు ఒక లేఖ జతపరచడం మర్యాద. సి.వి.లోని విషయాలనే మళ్లీ చెప్పడం ఆ లేఖ పని కాదు. ఏ ప్రకటన చూసి, ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారో మొదటి వాక్యంలో చెప్పాలి. ఆ ఉద్యోగానికి తన అనుభవంలో ఏది పనికివస్తుందో రెండు మూడు వాక్యాలలో చెప్పాలి. ఎప్పుడు చేరగలరో చెప్పి ముగించాలి. ‘అయ్యా, మా కుటుంబ పరిస్థితి దృష్ట్యా దయతో ఉద్యోగం ఇప్పించవలసిందిగా ప్రార్థన’ అన్న ధోరణి పూర్వం దరఖాస్తులలో ఉండేది. నేడు అది సరిపడదు. ఉద్యోగం అర్హతకు లభించేది గాని దయకు లభించేది కాదు. వినయం వేరు, దైన్యం వేరు. లియొనార్డో లేఖలో వినయం ఉంది, దైన్యం లేదు.

రాసిన పత్రాన్ని ఒక రోజు పక్కన ఉంచి, మరునాడు బిగ్గరగా చదివి దిద్దుకోవాలి. తరువాత భాష తెలిసిన మరొకరి చేత చదివించాలి. అక్షరదోషం చిన్నదే గాని, లెక్కల ఉద్యోగం కోరే పత్రంలో అంకె తప్పు పడితే, అధ్యాపక పదవి కోరే పత్రంలో వాక్యం తప్పు పడితే అది చిన్నదిగా కనిపించదు. ప్రతి సంస్థకు పంపిన ప్రతికి నకలు తీసి, దానిపై తేదీ, సంస్థ పేరు రాసి భద్రపరచుకోవాలి. పిలుపు రెండు నెలల తరువాత రావచ్చు. ఆ రోజు బల్లకు అవతల కూర్చున్నవారి చేతిలో ఏ ప్రతి ఉందో, ఇవతల కూర్చున్న అభ్యర్థికి తెలిసి ఉండాలి.